నాన్న జ్ఞాపకార్థ కూడికలో 88వ కీర్తన చదవవచ్చా?

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. మా నాన్నగారు పోయిన నెల ప్రభువునందు నిద్రించారు. ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నారు. ఆఖర్లో చూపు ఆనక, రోజూ రాత్రి నాచేత కీర్తనలు చదివించుకునేవారు. అడిగి మరీ చదివించుకున్నది 88వ కీర్తన. త్వరలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాం. అందులో వాక్యం చదివే పని నాకు అప్పగించారు. నేను 88 చదువుతానంటే మా సంఘపెద్దగారు, ‘అందులో ఆదరణే లేదు కదమ్మా, చీకటితో ముగుస్తుంది, వచ్చినవాళ్లు ఏమనుకుంటారు? 23 చదువు’ అన్నారు. ఆయన మాట కాదనే ధైర్యం లేదు. 23 చదవడానికి మనసు రావడం లేదు. ఇంకో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. మధ్యమధ్య వచ్చే ‘సెలా’ పైకి చదవాలా? డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి, ‘యతి లేదు, ప్రాస లేదు, వీటిని కవిత్వమని ఎలా అంటారు?’ అని అడుగుతున్నాడు. వాడికేం చెప్పమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

సమాధానం: అమ్మా, వందనాలు. మీ నాన్నగారు ఏరికోరి ఆ కీర్తనే చదివించుకున్నారంటే ఆయన గ్రంథాన్ని బాగా ఎరిగినవారే. నేను పాస్టరుని కాదు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక హీబ్రూ అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. కాబట్టి వేదాంతం జోలికి పోను, పాట సంగతి చెబుతాను.

చిన్నది ముందు తేల్చేద్దాం. సెలా అనే మాట కీర్తనల గ్రంథంలో 71 సార్లు వస్తుంది, హబక్కూకు మూడో అధ్యాయంలో మరో మూడు సార్లు. దాని అర్థం ఇదీ అని తేల్చినవాళ్లు లేరు. క్రీస్తుకు పూర్వమే కీర్తనలను గ్రీకులోకి తిప్పినవారు దానికి ‘పాట మధ్య విరామం’ అనే అర్థం వచ్చే మాట వాడారు. పాడేవాళ్లకో వాయించేవాళ్లకో రాసిన సూచన అని ఎక్కువమంది అభిప్రాయం. నాటకం ప్రతిలో ‘తెర’ అని ఉంటే నటుడు ఆ మాట పైకి అనడు కదా. మీరూ అనకండి, అక్కడ ఆగండి. 88లో ఈ మాట రెండు చోట్ల ఉంది, ఏడో వచనం చివర, పదో వచనం చివర. ఆ రెండు చోట్లా ఆగడం ఎందుకు అవసరమో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఇక మీ అబ్బాయి. వాడు అడిగింది తప్పేం కాదు. ఐరోపా పండితులు కూడా చాలాకాలం గ్రీకు, లాటిన్ ఛందస్సు కొలతలు పట్టుకుని హీబ్రూ కీర్తనల మీద పెట్టి చూసి తలలు పట్టుకున్నారు. 1753లో రాబర్ట్ లౌత్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు లాటిన్‌లో ఇచ్చిన తన ఉపన్యాసాలను అచ్చువేయించాడు. ఈ కవిత్వానికి ఇరుసు జంట పాదాలని ఆయన చూపించాడు. మొదటి పాదం ఒక మాట అంటుంది, రెండో పాదం దాన్ని అందుకుంటుంది. 19వ కీర్తన మొదటి వచనం చూడమనండి: ‘ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది.’ ఆకాశానికి అంతరిక్షం, మహిమకు చేతిపని, వివరించడానికి ప్రచురపరచడం. మన పద్యంలో అక్షరం తిరిగి వస్తుంది, వాళ్ల పద్యంలో భావం తిరిగి వస్తుంది. ఒక్కోసారి ఎదురు తిరిగి వస్తుంది: మొదటి కీర్తన చివర ఒక పాదంలో నీతిమంతుల మార్గం, రెండో పాదంలో దుష్టుల మార్గం.

దీన్ని ‘చెప్పిందే మళ్లీ చెప్పడం’ అని కొట్టిపారేయకూడదు. రెండో పాదం మామూలుగా ఒక అడుగు లోపలికి వేస్తుంది. మీ 88లోనే పదకొండో వచనం ఉంది. వాడుక మాటల్లో చెబితే, సమాధిలో నీ కృపను ఎవరైనా వివరిస్తారా, నాశనకూపంలో నీ విశ్వాస్యత గురించి ఎవరైనా చెప్పుకుంటారా అని. మొదటి పాదం సమాధి దగ్గర ఆగింది. రెండో పాదం సమాధి అడుగు కూడా తెగిపోయిన చోటికి దిగింది. హీబ్రూలో అక్కడున్న మాట అబద్దోను, సర్వనాశనం. రెండు పాదాల్లో నిచ్చెన దిగినట్టు ఉంటుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. పోతన పద్యాన్ని వేరే భాషలోకి తీసుకెళితే నాదమంతా రేవులోనే ఉండిపోతుంది, భావం ఒక్కటే పడవెక్కుతుంది. కీర్తనల నడక భావంలోనే ఉంది గనుక తెలుగులోకి వచ్చినా సగానికి పైగా మనకు దక్కింది. దక్కనివీ ఉన్నాయి. 119వ కీర్తన హీబ్రూ అక్షరమాల వరుసలో కట్టింది. 22 అక్షరాలు, అక్షరానికి 8 వచనాలు, మొత్తం 176. ఒక్కో గుంపులో ఎనిమిది వచనాలూ అదే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో ఆ కట్టడం కనబడదు, కొన్ని ప్రతుల్లో ఆలెఫ్, బేత్ అని పక్కన వేసిన పేర్లు మాత్రం మిగిలాయి. 145వ కీర్తనా అక్షరమాల కీర్తనే. అందులో మామూలు హీబ్రూ ప్రతుల్లో ‘నూన్’ అక్షరపు వచనం లేదు. 1956లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ పదకొండో గుహలో దొరికిన తోలుచుట్టలో ఆ వచనం ఉంది. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పి చూడండి, యతి ప్రాసల మాట కాసేపు పక్కన పెడతాడు.

శోకానికైతే ప్రత్యేకమైన నడకే ఒకటి ఉంది. మొదటి పాదానికి మూడు ఊనికలు, అంటే నొక్కి పలికే చోట్లు, రెండో పాదానికి రెండే. బైబిలులోని విలాపవాక్యాల గ్రంథంలో ఎక్కువగా వినిపిస్తుంది. వాక్యం నిండుగా లేచి, చివరికి వచ్చేసరికి ఊపిరి చాలక కూలబడుతుంది. మన పల్లెల్లో శోకాలు పెట్టే ఆడవాళ్లను విన్నవారికి ఇది వివరించక్కర్లేదు. యిర్మీయా తొమ్మిదో అధ్యాయంలో అలా రోదనం చేసే స్త్రీలను పిలిపించమన్న మాట ఉంది. అంటే వాళ్లకూ అది నేర్చిన విద్యే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కీర్తనలు 150. హీబ్రూలో పుస్తకం పేరు తెహిల్లీం, అంటే స్తుతులు. పేరు స్తుతులే గానీ లెక్కపెడితే దాదాపు మూడో వంతు మొరలే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెర్మన్ గుంకెల్ అనే జర్మన్ పండితుడు వీటిని రాసినవాడి పేరును బట్టి కాకుండా పాట పోలికను బట్టి విడదీశాడు. స్తుతి, సమాజం పెట్టే మొర, ఒంటరివాడి మొర, కృతజ్ఞత, రాజు కోసం పాడేవి, ఇలా. దేనికి దాని అచ్చు ఉంది. పెళ్లిపాటకూ లాలిపాటకూ నాట్ల పాటకూ తేడా మనకు ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు, ఆనాటి యెరూషలేమువాళ్లకు పాట ఎత్తుకోగానే ఇది ఏ సందర్భానిదో తెలిసిపోయేది.

మొర అచ్చు చూడాలంటే 13వ కీర్తన తీయండి, ఆరు వచనాలే. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని పిలుపూ ఫిర్యాదూ ఒకేసారి మొదలవుతాయి. ‘ఎన్నాళ్లు’ అనే ప్రశ్న హీబ్రూలో నాలుగు సార్లు పడుతుంది, తలుపు బాదినట్టు. తర్వాత మనవి: నాకు ఉత్తరమియ్యి, నా కళ్లకు వెలుగియ్యి, లేకపోతే చచ్చిపోతాను, శత్రువు నవ్వుతాడు. దేవుడికి కారణాలు కూడా చూపిస్తున్నాడు చూడండి. ఆ వెంటనే ‘నేనైతే’ అని మలుపు తిరిగి నమ్మకంతో, పాడతాననే మాటతో ముగుస్తుంది. ఆ మలుపు అంత హఠాత్తుగా ఎలా వచ్చిందని చాలామందికి సందేహం వచ్చింది. మధ్యలో యాజకుడు ఒక ఆదరణ మాట పలికి ఉంటాడని 1934లో యోఆఖిమ్ బెగ్రిఖ్ అనే పండితుడు ఊహించాడు. హన్నా ఏడుస్తూ ప్రార్థించినప్పుడు యాజకుడైన ఏలీ ‘సమాధానంగా వెళ్లు’ అనగానే ఆమె లేచి భోజనం చేసిన సంగతి గుర్తుంది కదా, అలాగన్నమాట. ఊహే అనుకోండి, కానీ చక్కని ఊహ.

దేవుణ్ని నిలదీయడం విశ్వాసికి తగదంటే మన తెలుగువాళ్లకు నవ్వు రావాలి. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముడికి చేయించిన నగలన్నీ లెక్క చెప్పి, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని తిట్టి, ఆ పాటలోనే దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకని బతిమాలుకున్నాడు. ఆ దేవుడు వేరు, ఈ దేవుడు వేరు, కాలాలూ వేరు. పాట మలుపు మాత్రం 13వ కీర్తనకు దగ్గరి చుట్టం.

88లో ఆ మలుపు లేదు. మీ సంఘపెద్దగారి అభ్యంతరం అదే, అందులో ఆయన తప్పేం చెప్పలేదు. మూడుసార్లు మొర మొదలవుతుంది, మొదటి వచనంలో, తొమ్మిదిలో, పదమూడులో. మూడుసార్లూ జవాబు లేదు. చీకటి అనే మాట ఆరులో ఒకసారి, పన్నెండులో ఒకసారి, ఆఖరి వచనంలో ఒకసారి. హీబ్రూలో కీర్తన ఆఖరి పదమే చీకటి. మన తెలుగు బైబిలులో ఆ చివరి పాదం ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఉంది. మూలంలో రెండే పదాలు, నన్నెరిగినవారు – చీకటి, అంతే. దాన్ని ‘బంధువర్గము’ అనే మాటతో తెలుగు చేసినవారికి చేతులెత్తి మొక్కాలి. చావింటికి చుట్టాలంతా వచ్చి వెళ్లిపోయాక ఆ రాత్రి ఇంట్లో మిగిలేది ఏమిటో తెలిసినవారే ఆ మాట వేయగలరు.

అయితే ఆ కీర్తన పైన చిన్న అక్షరాల్లో ఉన్న శీర్షిక మీలో ఎవరైనా చదివారా? మనం మామూలుగా దాటేస్తాం. అందులో ‘ప్రధానగాయకునికి’ అని ఉంది. ఈ మాట 55 కీర్తనల మీద ఉంటుంది. గ్రీకులోకి తిప్పేనాటికే దాని అర్థం మరుగున పడి, వాళ్లు ‘చివరివరకు’ అని ఏదో రాసేశారు. మన తెలుగువాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఏ రాగం మీద పాడాలో కూడా ఆ శీర్షికలోనే ఉంది. 22వ కీర్తన మీద ‘అయ్యలెత్ షహరు అను రాగము’ అని ఉన్నట్టే. ఆ పేరుకు వేకువజాము లేడి అని అర్థం, ఎంత బాగుందో! పేర్లు మిగిలాయి, బాణీలు పోయాయి. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ ఆయన నోటి బాణీ మనకు దక్కలేదు కదా, అదే కథ.

శీర్షిక చెబుతున్నదేమిటంటే, 88 ఒక బాధపడినవాడు దిండు కింద దాచుకున్న కాగితం కాదు. దాన్ని గాయకబృందం చేతికిచ్చారు. అందరి ముందూ పాడించడానికి రాగం కూడా కుదిర్చారు. పాడే బాధ్యత కోరహు కుమారులది. కోరహును భూమి నోరు తెరిచి మింగిందని సంఖ్యాకాండంలో ఉంది. ‘కోరహు కుమారులు చావలేదు’ అని తర్వాత అదే గ్రంథం 26వ అధ్యాయంలో చెబుతుంది. తండ్రి గోతిలోకి వెళ్లిపోగా మిగిలినవాళ్ల సంతతి, గోతిలోంచి కేకవేసే పాటను దేవాలయంలో పాడారు. మీకు ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

వాడకం సంగతి కూడా చూడండి. ఈ కీర్తనలు చదువుకోవడానికి కాక పని కోసం పుట్టినవి. 24వ కీర్తన గుమ్మం దగ్గర ప్రశ్నాజవాబుల పాట. బయటివాళ్లు గుమ్మాలు పైకెత్తమంటారు, లోపలినుంచి ‘మహిమగల యీ రాజు ఎవడు?’ అని ప్రశ్న వస్తుంది. కొత్త జంటను గడప దగ్గర ఆపి పేర్లు చెప్పించే మన ఆడపడుచులు గుర్తొస్తారు నాకు. 136లో ప్రతి వచనానికీ జనం అందుకునే పల్లవి ఒకటే, 26 సార్లు. 120 నుంచి 134 వరకు యాత్రకీర్తనలు, పండుగకు యెరూషలేము ఎక్కి వెళ్లేవాళ్లవి. దేవాలయంలో లేవీయులు వారంలో ఏ రోజు ఏ కీర్తన పాడేవారో యూదుల మిష్నా గ్రంథంలో జాబితా ఉంది: ఆదివారం 24, సోమవారం 48, అలా విశ్రాంతిదినానికి 92. పస్కా పండుగకు 113 నుంచి 118. ప్రభువు కడపటి రాత్రి శిష్యులతో కీర్తన పాడి ఒలీవలకొండకు వెళ్లాడని మార్కు రాసింది ఆ గుంపులోని పాట గురించేనని చాలామంది నమ్మకం.

క్రీ.శ. 70లో దేవాలయం కూలింది, పాటలు కూలలేదు. నేటికీ యూదుల ఇళ్లలో ఎవరైనా పోతే, పాతిపెట్టేదాకా శవం పక్కన ఒకరు కూర్చుని కీర్తనలు చదువుతూ ఉంటారు. ఇక 88 విషయానికొస్తే, ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథం దాన్ని మంచి శుక్రవారం సాయంకాల ఆరాధనకు కేటాయించింది. కతోలికుల గడియల ప్రార్థనలో శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు చదివేది 88. ఏడాదికి ఒకసారి కాదు, ప్రతి శుక్రవారం. కాబట్టి చీకటితో ముగిసే కీర్తన సంఘంలో చదవకూడదనే కట్టుబాటు ఎక్కడా లేదని మీరు ధైర్యంగా అనవచ్చు.

అలాగని అందరి ముందూ ఆయనతో వాదన పెట్టుకోకండి. కూడికకు రెండు మూడు రోజుల ముందు ఒక సాయంత్రం బైబిలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లండి. ‘అన్నా’ అంటారో ‘అయ్యగారూ’ అంటారో, మీ పిలుపుతోనే మొదలుపెట్టండి. శీర్షిక చూపించండి. మీ నాన్నగారు రాత్రుళ్లు దీన్ని ఎలా అడిగేవారో చెప్పండి, అదే అన్నిటికంటే బలమైన మాట. ఆ తర్వాత, ‘88 నేను చదువుతాను, వెంటనే 23 మీరు చదవండి’ అని అడగండి. ఇది ఆయన్ని సముదాయించడానికి వేసిన ఎత్తు అనుకోకండి, నిజంగానే ఆ రెండూ పక్కపక్కన బాగుంటాయి. 23లో మొదటి మూడు వచనాలూ కాపరిని ‘ఆయన’ అంటాయి. గాఢాంధకారపు లోయ రాగానే అది ‘నీవు నాకు తోడై యుందువు’గా మారుతుంది. చీకట్లోకి వచ్చాకే నేరుగా పిలవడం మొదలైంది. 88 అయితే మొదటి మాట నుంచి చివరిదాకా ‘నీవు’ అనే అంటుంది. ‘నాకు రక్షణకర్తవగు దేవా’ అని పిలిచాకే అన్ని నిష్ఠూరాలూ ఆడుతుంది. 88లో ఆదరణ ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ పిలుపునే చూపిస్తాను.

ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. కూడికలో 130 చదవండి. ‘అగాధస్థలములలోనుండి’ అని మొదలవుతుంది, కావలివారు ఉదయం కోసం కనిపెట్టినదానికంటే ఎక్కువగా అనే మాట రెండుసార్లు పడుతుంది. ఎనిమిది నెలలు రాత్రుళ్లు కాపలా ఉన్న మీరు చదవాల్సిన పాటే అది. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. 88 ఇంటిదగ్గర, ఆయన మంచం ఉన్న గదిలో, మీవాళ్లు నలుగురే ఉన్నప్పుడు చదువుకోండి. అదీ కూడికే.

ఒప్పుకుంటే మాత్రం ఇలా చేయండి. ముందుగా ఒక్క వాక్యం చెప్పండి, ఇది నాన్నగారు అడిగి చదివించుకున్న కీర్తన అని. అంతకుమించి వివరణ వద్దు. శీర్షిక కూడా పైకి చదవండి. పద్దెనిమిది వచనాలే, నింపాదిగా చదివినా నాలుగు నిమిషాలు పట్టదు. జంట పాదాల మధ్య చిన్న విరామం, రెండు సెలాల దగ్గర పెద్ద విరామం. తొమ్మిదో వచనంలో దుఃఖంతో కళ్లు క్షీణించాయనే మాట వస్తుంది. మీ నాన్నగారి చూపు తలచుకుని గొంతు పట్టేసేది అక్కడే, కాబట్టి ఇంట్లో రెండుమూడు సార్లు పైకి చదివి అలవాటు చేసుకోండి. చివరి పాదం అయ్యాక ఆదరణగా ఉంటుందని సొంత మాట ఏదీ కలపకండి, గబుక్కున ఆమేన్ అనేయకండి. పది అంకెలు లోపల లెక్కపెట్టుకుని కూర్చోండి. తర్వాత సంఘపెద్దగారు లేచి 23 ఎత్తుకుంటారు. పక్కన మంచినీళ్ల గ్లాసు మరచిపోకండి.